వీరమ్మత్త యాపకట్టె

నిన్న కరెంటోళ్లు వచ్చి, తీగలకు అడ్డమొస్తున్నాయని మా గల్లీలోని యాప కొమ్మలు కొట్టేసి రోడ్డుమీదే వదిలిపోయారు. పొద్దున తలుపు తీయగానే ఆ పచ్చికట్టె వాసన, చేదుగా, చల్లగా ముక్కుకు తగిలింది. ఎనభై దాటిన ఈ వయసులో కూడా నాకు ముందు కోపమొచ్చింది. ఆ తర్వాతే మా మేనత్త వీరమ్మ గుర్తొచ్చింది.

మాది సిద్దిపేటలో వడ్లోళ్ల ఇల్లు. నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజులు. ఇంటిముందు తాటాకుల కొట్టంలో నాయిన పొద్దంతా నాగళ్లు చెక్కుతూ, బండిచక్రాలు బిగిస్తూ ఉండేవాడు. రాలిన పేళ్లను మేం పిల్లలం ఒళ్లో నింపుకుని పొయ్యి దగ్గరికి మోస్తే, అవ్వ (అమ్మను మేం అట్లనే పిలిచేవాళ్లం) వాటితోనే జొన్న గట్క వండేది. ఎండాకాలమంతా మామిడికాయ తొక్కు, అంబలి, మధ్యాహ్నం ముంజలు, కొట్టం నీడలో అష్టాచెమ్మా. ఆ నీడలోకే ఒకరోజు వీరమ్మత్త ఒక ట్రంకుపెట్టె, కట్టె చెక్కే, పిడి అరిగిన ఒక బాడిశ పట్టుకుని వచ్చేసింది.

ఆమె నాయినకు అక్క. ధర్మపురి దిక్కున గోదావరి ఒడ్డు మీద, తాతల కాలం నుంచి పడవలు చేసే ఇంటికి ఇచ్చారు. గత్తర, అదే కలరా, వచ్చి మామను తీసుకుపోయింది. ఆ బాడిశ మామదే. ఆడమనిషి బాడిశ పట్టడం మా వాడలో ఎవరూ చూడనిది. ఆమె మాత్రం ఎవరినీ అడగకుండా కొట్టంలో ఒక మూల కూచుని, నాయిన పారేసిన తుమ్మ ముక్కలు తీసుకుని చెక్కడం మొదలుపెట్టింది.

"ఇదేంది అత్తా?" అని అడిగాను.

"పడవ."

"పడవ గిట్లుంటదా? కూసునే జాగనే లేదు."

"కూసునే పడవలు మీ మామ చేసిండు. గిది పోయే పడవ. గాలికి ముంగటి మూతి లేసి, ఒక పక్కకు ఒరిగి, నీళ్లు కోసుకుంట పోతది సూడు, గా వంపు."

మేం చూసిందల్లా చెరువులో చేపలోళ్ల తెప్పలే. ఆమె చెప్పేది నాకు ఎక్కలేదు. ఒకటి ఎత్తుకుపోయి నీళ్ల గోలెంలో వేస్తే బోర్లాపడి మునిగింది. నేను ఏడ్చాను, ఆమె తిట్టింది. అవ్వ ఇంకోదాన్ని కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. నాయిన బతిమాలేవాడు: "అక్కా, గంత మంచి చెయ్యి ఉన్నదానివి, చిలుకలన్న చెక్కు, పూలన్న చెక్కు. దొర ఇంటికి దర్వాజ అడుగుతుండ్రు." ఆయన మాట తీసెయ్యలేక ఒకసారి దర్వాజ మీద చిలుక మొదలుపెట్టింది. ముక్కు దాకా వచ్చేసరికి అది చిలుక ముక్కు కాకుండా సాగి, లేచి, ఎటో పోయింది. నాయిన రంద పట్టి దాన్నంతా సాపు చేశాడు. ఆమె చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూచుంది.

ఒక ఏడు మిరుగం కార్తె పోయింది, ఆరుద్ర పోయింది, చినుకు లేదు. రోకలికి కప్పను కట్టి కప్పతల్లి ఆట ఆడుతూ ఇల్లిల్లూ తిరిగితే, మా నెత్తిన పోయడానికి చెంబెడు నీళ్లకు కూడా ఆడవాళ్లు వెనకాడారు. ఆ ఎండల్లోనే గాలిదుమారానికి పెద్ద యాపచెట్టు కూలితే అత్త దాని మొద్దు ఒకటి దొర్లించుకొచ్చింది. అది నా భుజమంత ఎత్తు. ఆమె చెక్కేకొద్దీ అది కింద సన్నగా, నడుమ నిండుగా, పైకొచ్చేసరికి ఎవరో పిలిస్తే మెడ తిప్పినట్టు ఒక దిక్కుకు వంగింది. ఒక పక్క గరుకురాయితో రుద్ది రుద్ది చెంపలా నునుపు చేసింది. రెండో పక్క ఇంకా మొద్దే. దాని ముందు కూచుంటే అన్నానికి పిలిచినా కసురుకునేది.

బోనాల నాడు ఆమె దూరపు బావికి నీళ్లకు పోయి వచ్చేసరికి కొట్టంలో మొద్దు లేదు, అమ్మోరని వాడోళ్లు ఎత్తుకుపోయారు. వాడ చివర మట్టిగద్దె మీద, ఒళ్లంతా పసుపు, కుంకుమ బొట్లు, మెడలో యాపమండలతో నిలబడి ఉంది. బెల్లపన్నం బోనాలు వరసగా దిగాయి. ముందు నిలబడి యాపాకు నీళ్ల సాక పోస్తున్నది మా పక్కింటి గౌండ్ల బాలవ్వ, అత్తకు ఊరంతట్లో ఉన్న ఒక్క దోస్తు.

"బాలవ్వా, గది నా కట్టె. ఇంక పని కాలే దాని మీద."

"కట్టెనా! నీ చేతులకెల్లి అమ్మోరు ఎల్లింది వీరక్కా, నీకే ఎరుకైతలేదు. గిట్ల వంగి మనల సూస్తుంది సూడు."

"ఎవల్ని సూస్తలేదు. గది పడవ!"

అత్త ముందుకు చెయ్యి చాపింది. బాలవ్వ మెల్లగానే, కానీ గట్టిగా ఆ చెయ్యి ఆపింది. "ముట్టకు అక్కా. బొట్టులేని మనిషివి. వాన రాకుంటె అందరు నిన్నే అంటరు."

చాపిన చెయ్యి అట్లనే ఉండిపోయింది. గుంపులో నాయిన కూడా ఉన్నాడు. తలెత్తలేదు.

ఆ సాయంత్రమే వాన వచ్చింది. వాడంతా బురదలో ఎగిరింది, అవ్వ గారెలు చేసింది. అత్త ఒక్కతే కొట్టం గుంజ పట్టుకుని, "పచ్చికట్టె తడుస్తుంది, పగులుతది" అంటూనే ఉంది. తెల్లారి బాడిశ పట్టుకుని గద్దె దగ్గరికి పోతే ఆడవాళ్లు కేకలు పెట్టారు. నాయిన రెక్క పట్టి ఇంటికి తెచ్చాడు.

"ఊరు మీద పడ్తది అక్కా. ఇంకోటి చేసుకో."

"ఇంకోటి ఇంకోటే ఐతది. పొయ్యిల పెట్టుకున్నా గింత బాధ లేకుండె. కట్టె అనుకోనే కాలుస్తరు గద."

ఆ పంట ఇంటికొచ్చేదాకా ఆమె నాయినతో మాట్లాడలేదు. తర్వాత చిన్నచిన్నవి చాలా చెక్కింది గాని మొద్దు జోలికి మళ్లీ పోలేదు. ఏటా బోనాలకు ఆడవాళ్లు మా వాకిట్లో ఆగి, అమ్మోరిని ఇచ్చిన చెయ్యి అని దూరం నుంచే ఆమెకు దండం పెట్టేవాళ్లు, ఆమె తలుపేసుకునేది. మెచ్చుకోవడానికి వచ్చినవాళ్లతో ఏమని కొట్లాడుతుంది? పోయేదాకా ఆ తలుపు అట్లనే వేసుకుంది. కొట్టం పడిపోయింది. చిన్నవాటిలో ఒక్కటీ మిగల్లేదు. కొన్ని నీళ్ల పొయ్యిలోకి పోయాయి, కొన్ని ఇల్లు మారేటప్పుడు ఎటు పోయాయో తెలియదు.

మొన్న బోనాలకు, ఆ గద్దె చుట్టూ తర్వాత కట్టిన గుడికి పోయాను. ఇప్పుడది టైల్స్ గుడి, స్టీలు గేటు. ఎర్రరంగు మీద వెండి కళ్లు, వెండి ముక్కు, పట్టుచీర.

"స్వయంభువు పెద్దవ్వా," అన్నాడు పూజారి పిలగాడు. "భూమిలకెల్లి ఎల్లింది."

"మా మేనత్త చెక్కింది బిడ్డా. పని కూడా కాలే."

అతను తలూపి, నా చేతిలో తీర్థం పోశాడు. నేను చీర మడతల కింద ఆ మెడ ఎటు తిరిగి ఉందో వెతుకుతుంటే, వెనక నుంచి ఎవరో "జరుగవ్వా, లైను ఆగింది" అన్నారు.

జరిగాను.