పడని చందమామ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఆ దగ్గరి పల్లె బడిలో నాతో పనిచేసిన సైన్సు మాస్టరు ఏ పాఠమైనా సుద్దముక్క జారవిడిచి మొదలుపెట్టేవాడు. "భూమి దీన్ని లాగుతాండాది. చందమామనూ లాగుతాండాది. ఆయప్ప పడతానే ఉండాడు, పక్కకు శానా వేగంగా పోతాండాడు కాబట్టి మన మీదికి రాడు" అనేవాడు.

పిల్లలు అందులో సగమే ఇంటికి మోసుకెళ్లారు. బడికి స్థలమిచ్చిన పెద్దరైతు వచ్చాడు.

"అయ్యవారూ, చందమామ పడతాడని చెప్తాండావంట. మాయమ్మ ఆరుబయట పండుకోనంటాంది. పిల్లోళ్ల ముందరే తప్పని చెప్పు."

హెడ్మాస్టరు తల దించుకున్నాడు. మాస్టరు భార్య అప్పుడు నిండు చూలాలు. ఉద్యోగం పోతే దిక్కులేదు.

"చందమామ పడడు. నేను చెప్పింది తప్పు" అన్నాడు తరగతిలో.

ఒక పిల్ల లేచి, "మరి పరీక్షలో ఏం రాయాల సార్?" అంది.

"పెద్దాయన చెప్పింది రాయి తల్లీ."

ఆ గొంతులో కోపం కూడా మిగల్లేదు.