వదిన పెంచిన దోమలు

మా వదిన పోయిన గురువారం కన్నుమూసింది. నిజామాబాద్ దవాఖానలో, నిద్రలోనే. అన్న ఫోన్‌లో ఆ ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. ఆ తర్వాత బాన్సువాడ నుంచి ఒకటే ఫోన్లు, "దేవతసొంటి మేడం" అంటూ. నాకు ఒళ్లు మండింది. ఆమె బతికుండగా ఆ మాట ఒక్కరి నోటా రాలేదు.

వదిన జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. ఎవరింటికి వెళ్లినా టీ తాగకముందే, నీళ్లలో దోమ పిల్లలున్నాయేమోనని కూలర్లోకి తొంగిచూసేది. ఆమె వస్తోందంటే మా అమ్మ హడావుడిగా కూలర్ కడిగించేది. "సక్కగ చూడకుంట పేరు పెట్టొద్దు" అనేది వదిన, దోమకైనా మనిషికైనా.

తొంభైల చివర్లో ఒక వానాకాలం. బాన్సువాడలో మా వీధి మలుపులోని టైర్ల దుకాణానికి మహారాష్ట్ర నుంచి, మద్నూర్ దగ్గర బార్డర్ దాటి పాత లారీ టైర్లు వచ్చి పడ్డాయి. వాటి దగ్గర పట్టపగలే వదినను ఒక దోమ కుట్టింది. నల్లటి వీపు మీద ఒకే తెల్ల గీత. ఈ చుట్టుపక్కల తానెప్పుడూ చూడని రకం. నన్ను వెంటబెట్టుకుని దుకాణదారు దగ్గరికి వెళ్లింది.

"ఇది బయటి దోమ లెక్కుంది అన్నా. ఈ టైర్లల్లనే వచ్చినట్టుంది."

"దోమలకు గూడ బార్డర్ ఉంటదా మేడం?" అని అతను నవ్వాడు.

"ఉండదు, అదే నా ఫికర్. గుడ్లు టైరుకు అంటుకొని ఎండినా సావవు. నీళ్లు తాకితే లేస్తయి. ఇక్కడ పాతుకుంటే జ్వరాలే. టైర్లు షెడ్డుల పెట్టించు."

అతను పెట్టించలేదు. కుట్టినప్పుడు చేతికి చిక్కిన దోమ నలిగిపోయింది. ఏ జాతో తేలాలంటే చెక్కుచెదరని దోమలను యూనివర్సిటీకి పంపాలి. అందుకని టైర్ల నీళ్లలోని పిల్లపురుగులను గాజు సీసాల్లోకి తెచ్చి, మూతికి పలచటి గుడ్డ కట్టి, తన ఇంటి వరండాలో పెట్టింది.

ఈలోగా వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. ఒక పొద్దున పదిమంది వాకిట్లోకి వచ్చారు. ముందున్నది ఆ దుకాణదారే.

"ఇంట్ల దోమలు పెంచి మా పోరగాండ్లకు జ్వరాలు తెస్తున్నవా?"

సీసాల్లో దోమలు అప్పటికే రెక్కలొచ్చి తిరుగుతున్నాయి. "నన్ను కొట్టుండ్రి, గుడ్డ మాత్రం ఇప్పకుండ్రి! బయటికొస్తే వీధంత పాకుతయి!" అని వదిన అడ్డం పడింది. వాళ్లు ఆమెను పక్కకు నెట్టి, సీసాలన్నీ బండకేసి కొట్టారు.

దోమలు లేచాయి. పంపడానికి ఒక్కటీ మిగల్లేదు. అది ఏ జాతో ఈనాటికీ ఎవరికీ తెలియదు. వదిన చెప్పుల్లేకుండా ఆ గాజుపెంకుల మధ్యే తిరుగుతూ, గాల్లోకి చేతులు చాచి చప్పట్లు కొడుతూ ఒక్కో దోమనూ వెంబడించింది. అవి గోడ దాటి పక్కింటి ఉయ్యాల వైపు పోతున్నాయి. వచ్చినవాళ్లు "మేడంకు పిచ్చి లేసింది" అని నవ్వుతూ చూస్తున్నారు.