పల్లంరాజు గిటారు దించిన కాలం

సఖినేటిపల్లిలో పెళ్లి ప్రోగ్రాం ముగించుకుని, తెల్లవారాక పంటు మీద నరసాపురం వైపు గోదావరి దాటుతున్నప్పుడు, ఇక గిటారు మానేద్దామన్న ఆలోచన పల్లంరాజుకు మొదటిసారి కలిగింది. అది తొంభై ఏడో సంవత్సరం. అప్పటికాయనకు నలభై ఆరేళ్లు. అందులో ఇరవై రెండేళ్లు ఆ ఎలక్ట్రిక్ గిటారు ఆయన భుజాన్నే ఉంది.

ముందురోజు సాయంత్రం స్టేజి మీద ఓ సంగతి జరిగింది. పాట మధ్యలో ఆయన ఒక్కడే వాయించే ఘట్టం వచ్చింది. పెళ్లిపందిరంతా ఈలలు. సరిగ్గా అప్పుడు పల్లంరాజు, పెనుగొండ పక్కన తన పొలంలో కాలిపోయిన మోటారుకు వైండింగు చేయించాలా, కొత్తది కొనాలా అని ఆలోచిస్తూ ఉండిపోయాడు. తేరుకునేసరికి వాయింపు అయిపోయింది. ఒక్క తప్పు దొర్లలేదు. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పట్లు పక్కన ఇంకెవరికో కొడుతున్నట్టుగా అనిపించిందాయనకు.

కాకినాడ ఇంజనీరింగు కాలేజీలో చేరినవాడు చదువు సగంలో వదిలేసి, రాక్ సంగీతం మీద మోజుతో రాజమండ్రి వచ్చి 'గోదావరి థండర్స్' పెట్టాడు. డ్రమ్స్‌కి అచ్చిబాబు, బేస్ గిటారుకి రైల్వేలో పనిచేసే జ్ఞానప్రకాశం. కాలేజీ వార్షికోత్సవాలు, జంగారెడ్డిగూడెంలో పొగాకు కంపెనీల పార్టీలు, పెళ్లిళ్లు... రెండు గోదావరి జిల్లాల్లోనూ వాళ్లు ఎక్కని స్టేజి లేదు. రాజమండ్రి స్టేషన్లో దిగి గిటారు రాజుగారి ఇల్లంటే చాలు, రిక్షావాడు నేరుగా దానవాయిపేటలో ఆయన గుమ్మం ముందు దించేవాడు.

పంటు మధ్య ఏట్లోకి వచ్చింది. ఇంజను టకటకమని కొట్టుకుంటోంది. పల్లంరాజు సంచిలోంచి టేప్ రికార్డరు తీసి ఇంజను పక్కన పెట్టాడు.

"ఏంటండి రాజుగారూ, ఇంజను గాని పాడుతుందా ఏంటి?" అన్నాడు అచ్చిబాబు.

"పాడుతోంది. నువ్వూ విను."

అచ్చిబాబు కాసేపు చెవి ఒగ్గి, కమ్మీ మీద వేళ్లతో దరువు వేసి చూశాడు. "కుంటుతుందండి. నాలుగో దెబ్బ కొంచెం లేటుగా పడుతుంది."

"అదే బాగుంది," అన్నాడు పల్లంరాజు.

ఇంటికొచ్చి ఆ టేపు పెట్టుకుని పది రోజులు గిటారుతో కుస్తీ పట్టాడు. కుదరలేదు. ఎంత మెల్లగా మీటినా తీగ తన గొంతుతోనే పలికేది, ముందుకొచ్చి నిలబడేది. ఆయనకు కావలసింది అది కాదు. బోదె గట్టు తెంపితే నీరు చప్పుడు లేకుండా చేనంతా పరుచుకుంటుందే, అలాంటి నాదం కావాలి. పదకొండో రోజున గిటారు పెట్టెలో పెట్టేసి మద్రాసు రైలెక్కాడు. వినిపించిన శబ్దాన్నల్లా దాచుకుని, మెట్లు నొక్కితే దాన్నే రకరకాల స్థాయిల్లో పలికించే కీబోర్డు ఒకటి కొనుక్కొచ్చాడు.

దాంతోపాటు మూడు వందల పేజీల ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. వారం తిరిగేసరికి అది చూస్తేనే ఆయనకు తలనొప్పి. భార్య శ్యామలాంబ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ పుస్తకం లాక్కుని అట్ట వేసి, పేజీలు విభజించింది.

"రోజుకి రెండు పేజీలు చదువుదామండి. నేను అడుగుతాను, మీరు చేసి చూపించండి. చూపిస్తేనే కాఫీ."

"ఈ వయసులో నాకు పరీక్షలా?"

"మా పిల్లలూ ఇలాగే అంటారండి, పదో తరగతిలో."

కుదరని పేజీలు మళ్లీ మళ్లీ చేస్తూ, అలా ఎనిమిది నెలలు చదివారు. ఆ ఎనిమిది నెలల్లో కొన్ని పొద్దుట్లు పల్లంరాజుకు మళ్లీ పాతికేళ్ల వయసు వచ్చినట్టుండేది. ధాన్యం మిల్లు బెల్టు చప్పుడు, లాకుల దగ్గర నీళ్ల హోరు, కల్లంలో తూర్పారబట్టే చేటల చప్పుడు అన్నీ పట్టుకొచ్చి ఆ కీబోర్డులో పోశాడు.

బృందాన్ని ఇంటికి పిలిచి వినిపించాడు. జ్ఞానప్రకాశం కళ్లు మూసుకుని విన్నాడు. అచ్చిబాబు మాత్రం కీబోర్డు వంకే చూస్తూ కూర్చున్నాడు.

"దరువు ఎవరు వేశారండి?" అన్నాడు చివర్న.

"దీంట్లోనే ఉంది. మీట నొక్కితే అదే వేస్తుంది."

"అయితే నేనెందుకండి?"

ఆ మాట వస్తుందని తెలిసి కూడా పల్లంరాజు జవాబు ఆలోచించి పెట్టుకోలేదు. శ్యామలాంబ తెచ్చిన కాఫీ తాగకుండానే అచ్చిబాబు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. థండర్స్ ఆ రోజుతో ఆగిపోయింది. కొన్నాళ్లకు జ్ఞానప్రకాశానికి వాల్తేరు బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ ఆ గిటారు అడిగి తీసుకున్నాడు, తమ చర్చిలో ఆదివారాలు వాయిస్తానని. పల్లంరాజు మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు.

రెండేళ్లు అచ్చిబాబుతో మాటల్లేవు. బజార్లో ఎదురైతే ఒకరు అటు, ఒకరు ఇటు.

రెండువేల సంవత్సరంలో రాజమండ్రిలోనే ఓ క్లబ్బు వార్షికోత్సవానికి పిలిచారు. గిటారు రాజుగారి ప్రోగ్రామని జనం కిక్కిరిసి వచ్చారు. ఆయన బల్ల మీద కీబోర్డు పెట్టుకుని, తల వంచుకుని, నలభై నిమిషాల కొత్త సంగీతం మొదలుపెట్టాడు. పది నిమిషాలు ఓపిక పట్టారు. తర్వాత వెనక వరుసల్లోంచి "గిటారు! గిటారు!" అని కేకలు. ఆ తర్వాత కుర్చీలు జరిపిన చప్పుళ్లు. ఆఖరికి ముప్పైమంది మిగిలారేమో. పల్లంరాజు చివరి దాకా వాయించి, దణ్ణం పెట్టి దిగాడు.

రిక్షాలో శ్యామలాంబ అడిగింది. "జనం వెళ్లిపోయారని బాధగా ఉందాండి?"

"దానికి కాదు. వాళ్లు లేవడం మొదలుపెట్టాక నేనూ శ్రద్ధగా విన్నాను. దరువులో ప్రాణం లేదు. గోడ గడియారంలా ఉంది."

మర్నాడు పొద్దున్నే కోటిపల్లి బస్టాండు దగ్గర అచ్చిబాబు కొట్టుకి వెళ్లాడు. బృందం ఆగిపోయాక అచ్చిబాబు మోటారు సైకిళ్లకు సీటు కవర్లు కుట్టే కొట్టు పెట్టుకున్నాడు. మిషను ఆపకుండానే స్టూలు వైపు చూపించాడు.

"రాత్రి వచ్చానండి. చివరి వరసలో కూర్చున్నాను," అన్నాడు కుట్టు మీంచి తలెత్తకుండా.

"చివరి దాకా ఉన్నావా?"

"ఉన్నానండి. పాట బావుంది. దరువే దరిద్రంగా ఉంది."

"అది చెబుదామనే వచ్చాను."

అచ్చిబాబు మిషను ఆపాడు. పల్లంరాజు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని అన్నాడు. "ఆ రోజు నిన్ను ముందుగా అడగాల్సింది. ఇరవై ఏళ్లు నా వెనక కూర్చుని వాయించినవాడివి. కొత్త బొమ్మ దొరికిందన్న సంబరంలో నీ మొహం చూడలేదు. తప్పు నాదే."

"బొమ్మేనండి అది," అన్నాడు అచ్చిబాబు. కొట్టు కుర్రవాళ్లెవరూ లేరు కాబట్టి తనే లేచి వెళ్లి రెండు టీలు చెప్పొచ్చాడు.

సోమవారం నుంచి అచ్చిబాబు రోజూ పొద్దున ఎనిమిదింటికి దానవాయిపేట రావడం మొదలుపెట్టాడు. మొదట అతని డ్రమ్స్ దెబ్బలు ఒక్కొక్కటే రికార్డు చేసి కీబోర్డులో పెట్టారు. "నన్ను కొత్తిమీరలా తరిగేస్తున్నారండీ" అని గోల పెట్టాడు అచ్చిబాబు. అది నచ్చక, పుల్లతో కొడితే కావలసిన శబ్దం పలికే రబ్బరు పలకలు తెప్పించుకున్నారు. పలకల మీద చెయ్యి కుదరడానికి అతనికి నాలుగు నెలలు పట్టింది. వాటితో వచ్చిన పుస్తకం పట్టుకుని ఈసారి శ్యామలాంబ ప్రశ్నలడిగింది అతన్ని.

పాత రోజుల్లాంటి జనం మళ్లీ రాలేదు. ఆ ఆశ కూడా ఇద్దరికీ లేదు. నాటకాలవాళ్లు, నాట్యం నేర్పేవాళ్లు నేపథ్యానికి పిలిచేవారు. ఏడాదికి మూడో నాలుగో కచేరీలు.

రెండువేల నాలుగులో పిఠాపురంలో ఒక చిన్న హాల్లో వాయించారు. యాభైమంది ఉంటారు. అంతా అయ్యాక ముందు వరసలోంచి అమ్మణ్ణిగారని, డెబ్బై దాటినావిడ, చేతికర్ర ఊతంతో స్టేజి దగ్గరికొచ్చింది.

"ఆ రెండోది మళ్లీ ఒకసారి వేస్తారా బాబూ? నాకు పేరు తెలీదు."

"దానికి పేరు పెట్టలేదండి," అన్నాడు పల్లంరాజు. "కూర్చోండి, వేస్తాం."

అచ్చిబాబు పుల్లలు చేతుల్లోకి తీసుకున్నాడు. "రాజుగారూ, ఈసారి వేరేగా కొడతానండి."

వేరేగా అంటే కీబోర్డులో ముందే ఎక్కించిపెట్టిన, తనంతట తానే మోగే నడకతో కుదరదు. పల్లంరాజు మీట నొక్కి ఆ నడక ఆపేశాడు. రెండు చేతులూ మెట్ల మీద పెట్టి, అచ్చిబాబు పుల్లల వంకే చూస్తూ, మొదటి దెబ్బ కోసం ఎదురుచూశాడు. ఆవిడ ఇంకా కుర్చీ సర్దుకుంటోంది. ఆవిడ కూర్చున్నాకే మొదలుపెట్టారు.