ఇప్పపూల గంప, ఎలుగు తల్లి

మా చిన్నప్పుడు... ఎండలు మొదలయ్యాయంటే తెల్లవారకముందే లేచేవాళ్ళం. ఇప్పపూలు రాలేది ఆ వేళకే మరి.

నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. రెండు వేల నాలుగో, ఐదో... రాయపూర్ నుంచి మందిర్ హసౌద్ దాటి ఇంకా చాలా దూరం పోతే, అడవి అంచున ఓ చిన్న స్టేషన్. అక్కడే మా క్వార్టర్. శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మకి ఆ చోటంటే భయం. "పిల్లల్తో ఈ అడివిలో ఎన్నాళ్ళుంటాం?" అని నాన్నని రోజూ అడిగేది.

ఆమెకున్న ఒక్క తోడు పక్క బస్తీలోని సుఖమతి బాయి. ఆమె ఎడమ చెంప మీద లోతైన పాత గాటు... ఎప్పుడో ఎలుగుబంటి చీరిందట.

ఆ పొద్దున ఆమెతో పాటు అమ్మ, నేను, ఐదేళ్ళ మా చెల్లి చిట్టి పూలు ఏరుతున్నాం. చిట్టి ఏరుకుంటూ ఏరుకుంటూ అవతలి చెట్టు కిందికి వెళ్ళిపోయింది. తలెత్తి చూద్దును కదా... దానికి పదడుగుల దూరంలో ఎలుగుబంటి! వీపు మీద రెండు పిల్లలు.

అమ్మ ముందుకు దూకబోయింది. సుఖమతి బాయి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఝన్ భాగ్... ఝన్ భాగ్..." పరిగెత్తకు అని.

పిల్లలు కిందికి జారాయి. ఎలుగు వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. అది గాలి పీలుస్తున్న చప్పుడు నాకు వినిపించింది.

అప్పుడు అమ్మ... ఎక్కడి నుంచి తెచ్చుకుందో ఆ గొంతు... నిద్రపుచ్చుతున్నంత మెల్లగా, "చిట్టీ, నా తల్లి కదూ... లెగు. మెల్లగా నాకాడికి రా. నన్నే సూడు, ఎనక్కి తిరక్కు" అంది.

చిట్టి లేచింది. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి అమ్మ చీర పట్టుకుంది. సుఖమతి బాయి పూల గంపని నేల మీద పెట్టి, ఎలుగుతోనే మాట్లాడింది... "ఖా లే దాయి, హమన్ జావత్ హన్." తిను తల్లీ, మేం పోతున్నాం అని.

నలుగురం అలాగే వెనక్కి నడిచాం. ఎలుగు ముందరి కాళ్ళు దించి, గంపలో మూతి పెట్టింది.

ఇల్లు చేరాక అమ్మ చిట్టిని చాలాసేపు ఒళ్ళోంచి దించలేదు. తర్వాత వచ్చీరాని హిందీలో అడిగింది... "నీ మొహం చీరేసిన జంతువే కదా. దాన్ని తల్లీ అని ఎలా పిలిచావు?"

సుఖమతి బాయి తన భాషలో నెమ్మదిగా చెప్పింది. "ఆ రోజు తెలీక దాని పిల్లకి అడ్డం పోయాను. ఇవాళ నీ బిడ్డ కోసం నువ్వు దూకబోయావే... ఆ రోజు అదీ అంతే."



ఆ వానాకాలమే నాన్నకి రాయపూర్ బదిలీ అయింది. అన్నాళ్ళూ బదిలీ కోసం పోరిన అమ్మ, సామాను ఎక్కిస్తుంటే సుఖమతి బాయిని పట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు రాయపూర్‌లోనే, దేవేంద్ర నగర్‌లో ఉంటున్నాం. మొన్న ఫోన్లో ఓ వీడియో... ఊళ్ళోకి వచ్చిన ఎలుగు చుట్టూ జనం, కేకలు. అమ్మ అది చూసి, "ఓరి మీ అల్లరి ఆపండర్రా... దాన్ని పోనీండి" అని ఫోన్ మీదే కేకలేసింది.

మా స్టేషన్ చుట్టూ ఇప్పుడన్నీ ఇళ్ళే, షెడ్లే. పోనిమ్మంటే మాత్రం... పాపం, ఎక్కడికని పోతుంది?

మీకెప్పుడైనా ఇలా అడవి జంతువు ఎదురుపడిందా? అప్పుడు మీ పక్కన ఎవరున్నారో చెప్పండి... వినాలని ఉంది.