గొర్రెలు ఒప్పుకోని ఇంజిన్

ఇంజిన్ మార్చడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ ఇంజిన్‌ను గొర్రెల చేత ఒప్పించడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఈ రెండో మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వనివ్వండి. జగిత్యాల బస్టాండు వెనక రేకుల షెడ్డులో స్పానర్ పట్టుకున్నవాణ్ణి, సౌదీలోని అల్ ఖర్జ్ దాకా వచ్చి గొర్రెల ముందు పరీక్షకు నిలబడతానని నేను మాత్రం కలగన్నానా?

మా కఫీల్‌కు, అంటే నాకు వీసా ఇచ్చిన యజమానికి, అల్ ఖర్జ్ బయట పొలాలున్నాయి, పశువులకు మేత పండిస్తాడు. ట్రాక్టర్లు, నీళ్ళ పంపులు, ట్యాంకర్లు, వాటి రోగాలన్నీ నావే. మనిషి చెడ్డవాడు కాదు. జీతం ఆపడు, నోరు పారేసుకోడు. కానీ ఏది అడిగినా "బుక్రా" అంటాడు, రేపు అని. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆయనకూ తెలియదు. నా చుట్టీ, అదే సెలవు, ఏడాదిగా ఆ రేపట్లోనే ఇరుక్కుని ఉంది. వెనకటిలా దానికి ఆఫీసుల చుట్టూ తిరిగే పని కూడా లేదిప్పుడు. ఆయన ఫోన్‌లో వేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు, దేశం దాటే అనుమతి వచ్చేస్తుంది. ఆ నొక్కుడు కోసమే నేను ఇన్ని తిప్పలు పడ్డాను.

ఇంటి దగ్గర నా భార్యకు పిత్తాశయంలో రాళ్ళు. నొప్పి వస్తే గోడ పట్టుకుని వంగిపోతుంది. కరీంనగర్ డాక్టరు ఆపరేషన్ తప్పదన్నాడు. ఈవిడ వింటేనా? "నువ్వొచ్చినంకనే చేయించుకుంట. నువ్వు పక్కన లేకుండ నేను ఆ బల్ల ఎక్క" అని కూర్చుంది. నేను ఇక్కడ, రాళ్ళు అక్కడ. ఫోన్ మోగితే చాలు, స్పానర్ అక్కడే పడేసి పరిగెత్తేవాణ్ణి.

అలాంటప్పుడు కఫీల్ తన తల్లి జీపు తెచ్చి నా షెడ్డు ముందు పెట్టించాడు. నలభై ఏళ్ళ పాత బండి. ఆడవాళ్ళకు లైసెన్సులు లేని రోజుల్లోనే ఆ పెద్దావిడ దాన్ని ఇసుకలో నడిపింది. ఇసుకలో అడిగేవాడెవడు? వెనక బార్లీ బస్తాలు, నీళ్ళ డబ్బాలు వేసుకుని మంద దగ్గరకు తనే వెళ్ళేదట. ఏడాది కిందట ఇంజిన్ పగిలి బండి ఆగిపోయింది. అప్పటినుంచి కాపరి పికప్‌లో దాణా పోస్తున్నాడు, పెద్దావిడ ఇంట్లో కూర్చుని కొడుకును సాధిస్తోంది. కొడుకు ఎక్కడో దెబ్బతిన్న కొత్త కారులోంచి ఇంజిన్ కొనుక్కొచ్చాడు.

"ఇది పెట్టు. మా అమ్మ తమామ్ అన్న రోజే నీ చుట్టీ" అన్నాడు. తమామ్ అంటే అంతా బాగుందని.

ఇరవై రోజుల్లో పడేస్తానని గొప్పగా చెప్పాను. నా నోటికి తాళం వేసే మనిషి ఎవరూ పక్కన లేరు మరి.

పాత ఇంజిన్ తీయడం ఒక్క పూట పని. కొత్తది దించితే దాని కింది ఆయిల్ చాంబర్ ముందు యాక్సిల్ మీద కూర్చుంది. పైకెత్తితే బానెట్ పడదు. ముందుకు జరిపితే గేరుబాక్సుకు అందదు. కొత్త ఇంజిన్‌కు, పాత గేరుబాక్సుకు మధ్య పెట్టడానికి ఒక ఇనుప పలక కోయించాలని సనాయియాకు, అంటే షెడ్లన్నీ ఉండే పేటకు, కాళ్ళరిగేలా తిరిగాను. అక్కడి లేతు మేస్త్రీ పాకిస్తానీ. చూడకుండానే "హో జాయేగా ఉస్తాద్" అనేవాడు, అయిపోతుందని. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ బోల్టు రంధ్రం ఒకటి తప్పింది, అదీ ప్రతిసారి వేరే రంధ్రం. నాలుగోసారి అతని పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాను. అతను టీ తెప్పించి, ఇంత అపనమ్మకం ఏమిటని బాధపడ్డాడు.

అన్నీ బిగించి తాళం తిప్పితే ఇంజిన్ ఒక్క క్షణం పలికి ఆగిపోయింది. వైరింగ్ మొత్తం రెండుసార్లు విప్పాను. చివరికి తేలింది ఏమిటంటే, ఆ ఇంజిన్ కంప్యూటర్‌కు దాని అసలు కారు తాళమే కావాలట. ఆ తాళంలో చిన్న చిప్పు ఉంటుందట. ఆ కారు తుక్కుగా మారి ఎక్కడ కరిగిందో, దాని తాళం నేనెక్కడినుంచి తేను? మా రోజుల్లో ఇంజిన్‌కు పెట్రోలు, గాలి, నిప్పు ఉంటే చాలేది. ఇప్పుడు అది మనల్ని గుర్తుపట్టాలి కూడా. రియాద్‌నుంచి ఒకడు లాప్‌టాప్‌తో వచ్చి దాని జ్ఞాపకాన్ని చెరిపేసేసరికి ఇంకో మూడు వారాలు.

ఇదంతా ఒక ఎత్తు, పెద్దావిడ ఒక ఎత్తు. రోజూ సాయంత్రపు అసర్ నమాజు అవగానే ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, గహ్వా కాఫీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని నా పనికి ఎదురుగా కూర్చునేది. నేను ఆవిడను ఖాలా అనేవాణ్ణి, మా ఊరి ముస్లింల ఇళ్ళల్లో పిన్నిని పిలిచినట్టు. ఆవిడ నన్ను "యా ముఅల్లిం" అనేది, మేస్త్రీ అని. గౌరవం పిలుపులోనే. మిగతాదంతా తనిఖీ.

"యా ముఅల్లిం, చోక్ గుండీ ఏదీ?"

"ఖాలా, ఈ ఇంజిన్‌కు చోక్ ఉండదు. స్టార్టింగ్ సంగతి అదే చూసుకుంటుంది."

"చోక్ లేని బండి బండేనా? పెట్టు."

పెట్టాను. డాష్‌బోర్డుకు రంధ్రం చేసి పాత గుండీ బిగించాను, దానికి ఏ తీగా తగిలించలేదు. బండి నడిచిన మొదటి రోజు ఆవిడ ఆ గుండీ బయటికి లాగి, తాళం తిప్పి, "చూశావా, చోక్ ఉంటే ఎంత బాగా అందుకుందో" అంది. నేను గంగిరెద్దులా తలూపాను. అప్పటికే మూడు నెలలు అయింది, అవతల నా భార్య అన్నం సగం మానేసి గంజి తాగుతోంది. నాకు కావలసింది ఆవిడ నోటినుంచి తమామ్ అన్న ఒక్క మాట. ఆ మాట కోసం బానెట్ మీద ఇంకో పది గుండీలైనా బిగించేవాణ్ణి.

కఫీల్ ఇంజిన్ చప్పుడు విని మురిసిపోయాడు. చప్పుడు లేనందుకే మురిసిపోయాడు. పెద్దావిడ మాత్రం స్టీరింగ్ ముందు కూర్చుని మంద వైపు పోనిచ్చింది. నేను వెనక సీట్లో. ఎదురుగా నూటికి పైగా గొర్రెలు. దగ్గరగా వెళ్ళి ఆపి, రెండుసార్లు యాక్సిలరేటర్ నొక్కింది. ఒక్క గొర్రె తల తిప్పలేదు.

మళ్ళీ నొక్కింది. ఒక గొర్రె మాకు వీపు చూపించి కాస్త అవతలికి జరిగింది.

"నా బండి చప్పుడు వింటే ఇవి పిల్లల్ని వదిలేసి పరిగెత్తుకొచ్చేవి" అంది. నేరుగా ఇంటికి తిప్పి, తాళం నా చేతిలో పెట్టి, "ఇది నా బండి కాదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

కఫీల్‌ను చుట్టీ అడిగాను. "అమ్మ తమామ్ అనలేదు కదా" అన్నాడు, ఎంతో న్యాయంగా. నా ఒళ్ళు మండింది. ఇంజిన్ నడుస్తోంది, గేర్లు పడుతున్నాయి, బ్రేకులు పనిచేస్తున్నాయి. గొర్రెలు తిరిగి చూడకపోవడం ఏ మెకానిక్ తప్పు?

మొదట సైలెన్సర్ తీసేశాను. చప్పుడుకు గొర్రెలు బెదిరి కంచె తెంచుకున్నాయి, కాపరి నామీద ఒంటికాలి మీద లేచాడు. పొగగొట్టం సన్నం చేసి చూశాను, లావు చేసి చూశాను. పాత ఇంజిన్ గొంతు రాలేదు. ఎలా వస్తుంది? అది గుర్రు పెట్టే ముసలి ఇంజిన్, ఇది నోరు విప్పని చదువుకున్న ఇంజిన్.

ఇక మిగిలింది ఒక్కటే దారి. బండిని గొర్రెలకు తగ్గట్టు మార్చలేకపోతే, గొర్రెల్నే బండికి అలవాటు చేయాలి. కాపరిని బతిమాలి దాణా పోసే పని నేను తీసుకున్నాను. సూడాన్ మనిషి, నా మొహం చూసి జాలిపడి ఒప్పుకున్నాడు. రోజూ తెల్లవారగానే జీపులో బార్లీ వేసుకుని, మంద ముందు ఆపి, ఇంజిన్ రెండుసార్లు పలికించి అప్పుడు పోసేవాణ్ణి. మా జిల్లానుంచి డ్రైవర్ వీసా అని నమ్మి వచ్చి, ఎడారిలో గొర్రెలు కాయడానికి దొరికిపోయి ఏడ్చినవాళ్ళను ఎంతమందినో ఎరుగుదును. వాళ్ళను ఏజెంట్లు ముంచారు. నన్ను ఎవరూ ముంచలేదు, నా అంతట నేనే వెళ్ళి మునిగాను.

ఒకరోజు బార్లీ పోస్తుండగా భార్య వీడియో కాల్ చేసింది.

"ఆ వెనకాల ఏందది? గొర్లా?"

"గొర్లే. పనిల ఉన్న."

"నువ్వు మెకానిక్‌వని జెప్పి పోతివి. గొర్లెందుకు కాస్తున్నవ్?"

"కాస్తలేనే. బండి సప్పుడు నేర్పుతున్న."

ఆవిడ "మంచిగుంది. నేర్పు" అని పెట్టేసింది. ఆ తర్వాత నొప్పి ఎలా ఉందని నేనడిగితే బాగానే ఉందనేది. బాగానే ఉందంటే నిజంగా బాగానే ఉందనుకున్నాను. అంత తెలివి నాది.

ఒక చెవి తెగిన ముసలి గొర్రె అందరికంటే ముందు నేర్చుకుంది. దాని వెనక నాలుగు, వాటి వెనక పది. రెండో నెల చివరికి నేను మలుపు తిరగకముందే మంద మొత్తం పరిగెత్తుకొచ్చేది. కొన్ని బానెట్ మీద కాళ్ళు పెట్టేవి. గెంతులేశానంటే నమ్మండి, ఒక్కణ్ణే, ఆ ఇసుకలో.

ఆ సాయంత్రం కొడుకును, తల్లిని బతిమాలి తీసుకెళ్ళాను. పెద్దావిడ గుండీ లాగింది, తాళం తిప్పింది, మంద దగ్గర ఆపి రెండుసార్లు పలికించింది. వచ్చాయి. దుమ్ము లేపుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, అన్నీ వచ్చాయి. కఫీల్ చప్పట్లు కొట్టాడు. గొర్రెలు ఆవిడను దాటుకుని బండి వెనక్కి వెళ్ళి, బార్లీ కోసం తలుపు నాకడం మొదలుపెట్టాయి.

ఆవిడ ఇంజిన్ ఆపేసి వాటినే చూస్తూ కూర్చుంది. "ఇన్నేళ్ళు నన్ను చూసి వస్తున్నాయనుకున్నాను" అంది. కోపంగా అనలేదు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "తమామ్. ముఅల్లింను ఇంటికి పంపు" అంది.

కఫీల్ అక్కడే ఫోన్ తీసి నొక్కాడు. ఐదు నెలల తర్వాత, ఒక్క నొక్కు.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య ఎత్తలేదు, వాళ్ళ అక్క ఎత్తింది. "పండుకుంది మరిదీ. ఆపరేషన్ అయ్యి నాలుగు రోజులాయె. నీకు జెప్పొద్దన్నది" అంది.

ఫోన్ ఇమ్మని అరిచాను. ఇచ్చింది. నా భార్య గొంతు ఎక్కడో లోపలినుంచి వచ్చినట్టు ఉంది.

"తట్టుకోలేకపోయిన. అక్క సంతకం పెట్టింది."

"నాకు జెప్పొద్దా? నేను లేకుండ బల్ల ఎక్కనంటివి గదా!"

"జెప్తే ఏం జేస్తుంటివి? గొర్లను ఇడిసిపెట్టి ఉరికొస్తుంటివా?"

నేను ఇంకా గట్టిగా అరిచాను. ఆవిడ అరవనిచ్చింది. నేను ఆగాక, "అయిపోయింది గదా. నీకు సెలవు దొరికితే రా, లేకుంటే దసరాకు రా" అంది. కఫీల్‌కు చెప్తే, "అల్‌హందులిల్లాహ్, అయిపోయిందిగా! మరి ఆ తూర్పు పంపు కూడా చూసి వెళ్ళు" అన్నాడు. సిగ్గుతో చెప్తున్నాను, అరనిమిషం నేనూ ఆ లెక్కే వేశాను. పంపు పని వారం, తర్వాత తీరిగ్గా వెళ్ళొచ్చని. ఆ అరనిమిషం తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది. పంపు సంగతి నాకు తెలియదని చెప్పి మూడో రోజు విమానమెక్కాను.

కుట్లు విప్పించడానికి కరీంనగర్ ఆస్పత్రికి వెళ్ళాం. వరుసలో జనం. నేను ఫైలు, నీళ్ళ సీసా పట్టుకుని నా భార్య వెనకే నిలబడ్డాను. నర్సు తలుపు తీసి పేరు పిలిచి, "వెంట ఎవరన్న ఉన్నరా అమ్మా?" అని అడిగింది.

"ఎవ్వరు లేరు" అంది నా భార్య, ఆలోచించకుండానే.

"నేనున్న" అన్నాను. కావలసినదానికంటే గట్టిగా అన్నట్టున్నాను, వరుసలో ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు. ఆవిడ కూడా తిరిగింది.