కుడి అంటే కుడే!

అనంతపురంలో కంప్యూటరంటే టైపు మిషనుకు చెల్లెలని జనం అనుకునే రోజులవి. పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని ఒక రేకుల షెడ్డులో ఉద్యోగానికి చేరాను. అందరూ ‘అన్న’ అని పిలిచే మా ఓనరుకు, నేను వచ్చింది మిషన్ల పనికని మొదటిరోజే గట్టిగా చెప్పాను. (ఆ వయసులో ఏదీ మెల్లగా చెప్పేదాన్ని కాదు.) ఆయన శ్రద్ధగా విని, “మంచిదమ్మా. ముందు ఈ లెటరు టైపు చెయ్యి,” అన్నాడు. నా కోపానికి అదే ప్రారంభోత్సవం.

అన్న బెంగళూరులో మూతపడ్డ ఫ్యాక్టరీ వేలంలో ఒక పాత మిల్లింగ్ మిషను కొన్నాడు. చిల్లులు పొడిచిన కాగితం టేపు పెడితే, బీరువా అంత కంట్రోలు పెట్టె ఆ చిల్లులు చదువుకుంటూ ఇనుమును కావలసిన ఆకారానికి చెక్కించేది. లారీ కుదుపులకో, ముసలితనానికో ఆ పెట్టె చచ్చిపోయింది. ఇనుము మాత్రం ఏనుగులా ఉంది. పదిహేనేళ్ళు దాన్ని నడిపిన ముదిగుబ్బ మనిషినీ అన్న వెంటబెట్టుకొచ్చాడు. ఆయన్ని టేపు మేస్త్రీ అనేవాళ్ళం. పెట్టె పీకేసి, సెకండ్‌హ్యాండ్ కంప్యూటరూ కొత్త మోటార్లూ బిగించి నడిపిస్తానని నేనంటే ఆయన, “టీవీతో ఇనుము కోస్తావా పాపా?” అన్నాడు. టీవీ! నాకు అరికాలి నుంచి మండింది.

పాత పెట్టె పీకేసిన రోజు మేస్త్రీ దాని పక్కనే చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత నేను రెండు నెలలు వైర్లలోనే బతికి, చివరికి ఒక గుండ్రం, ఒక చతురస్రం చెక్కించాను. కొలిస్తే వెంట్రుకవాసి తేడా లేదు. వెనక నిలబడి చూస్తున్న మేస్త్రీ, “పాపా, ఇనుము బిగించిన బల్ల ఎదురు పోతాండాది,” అన్నాడు.

“కుడికి పొమ్మంటే కుడికే పోతాంది కదా మేస్త్రీ!”

“అదే చెప్తాండా. కుడికి కొయ్యాలంటే బల్ల ఎడమకు పోవాల.”

“నేను డిప్లొమా చదివినా. కుడి అంటే కుడే!”

“సరేలేప్పా,” అని ఆయన వెళ్ళిపోయాడు. (‘సరేలేప్పా’ను తిట్టుకన్నా ఘోరంగా అనగల మనిషి.)

ఆ ఏడు వానల్లేక రైతులు మిషన్లు కొనడం మానేశారు. షెడ్డులో పని సన్నగిల్లింది. వేరుశనక్కాయలు వొలిచే మిషన్లు చేసే కదిరి ఆసామి ఆర్డరిస్తే సరి, లేకపోతే సగం మందిని ఇంటికి పంపక తప్పదని అన్న ముందే చెప్పాడు. ఆసామి వచ్చి, తన మిషన్ల మీద బిగించే ‘లక్ష్మి’ అనే పేరుపలక చెక్కి చూపించమన్నాడు. నాలుగు రోజులు గ్రాఫు కాగితం మీద ఆ అక్షరాల వంపులన్నీ చుక్కలు పెట్టుకుని, ఒక్కొక్క చుక్కనూ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఐదో రోజు అందరి ముందూ మీట నొక్కాను. పని ముగిశాక ఆసామి పలకను దులిపి, అటు తిప్పి ఇటు తిప్పి, “ఇది ఏం బాసప్పా? కన్నడమా?” అన్నాడు.

‘లక్ష్మి’ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది! కరెంటు మీద విరుచుకుపడ్డాను, సాఫ్ట్‌వేరును తిట్టాను, గ్రాఫు కాగితాన్నీ వదల్లేదు. మేస్త్రీ మాత్రం ఒక అట్టముక్క తెచ్చి, దాని మీద సుద్దముక్క ఆనించి పట్టుకున్నాడు. “ఇది ఇనుము కోసే కట్టరు. కదల్దు. కుడికి గీత రావాల. బల్ల అనుకోని అట్ట జరుపు.” కుడికి జరిపాను. గీత ఎడమకు పరిగెత్తింది. గుండ్రాన్నీ చతురస్రాన్నీ తిరగేసినా అవి అలాగే ఉంటాయి కాబట్టే అంతవరకూ నా గుట్టు దాగింది. (ముందుకూ వెనక్కూ నడిపే మోటారు వైర్లు నా అదృష్టం కొద్దీ సరిగ్గా కలిశాయి.)

రెండు వైర్లు అటూ ఇటూ మార్చాను. ఐదు నిమిషాల పని. రెండో పలక మీద ‘లక్ష్మి’ నిండుగా నవ్వింది. ఆసామి ఆర్డరు ఖాయం చేసి, పోతూ పోతూ మేస్త్రీ భుజం తట్టి, “బలే మిషను తయారు చేసినావే!” అన్నాడు. రెండు నెలలు నేను! రెండు వైర్లు ఆయన! అవి మార్చిందీ నేనే! ఇంటికెళ్ళి మూడు పేజీల రాజీనామా రాసి మర్నాడే ఇచ్చాను. అన్న మొదటి పేజీ చదివి, “తప్పుల్లేకుండా రాసినావు. మిగతాది సోమవారం చదువుతా,” అన్నాడు.

సోమవారం నాకంటే ముందే మేస్త్రీ వచ్చి, కంప్యూటరు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. “పాపా, నాకు టేపు పొడిచేది తప్ప ఇంగేమీ రాదు. అది పాయె. ఈ మిషను ఉండేంత వరకు నేనూ ఉండాల కదా. కొంచెం నేర్పిస్తావా?” అన్నాడు. ఆ బీరువా పెట్టెను పీకేసిన రోజు ఆయన దాని పక్కన అంతసేపు ఎందుకు నిలబడ్డాడో, నా కోపాల సందడిలో ఒక్కసారైనా ఆలోచించలేదు. స్టూలు జరుపుకుని పక్కన కూర్చున్నాను. ఆయన ఒక్క వేలుతో మీటలన్నీ వెతికి వెతికి, “ఎక్స్ యాడుండాది?” అన్నాడు.

“కింద, ఎడమవైపు,” అన్నాను. అన్నాక ఎందుకైనా మంచిదని, మీటల వైపు మరోసారి చూసుకున్నాను.