పోస్టు డబ్బా దగ్గర కాపలా

మా లెక్కల టీచరమ్మ గారికి నిలకడన్నదే లేదు. ఇంజినీరింగ్ చదివే ఆడపిల్లల స్కాలర్‌షిప్పు కోసం నేను నింపిన ఫారాన్ని కవరులో పెట్టి, అన్నం మెతుకులతో అంటించి, మళ్ళీ విప్పి మూడుసార్లు చూశారు. నర్సీపట్నం పోస్టాఫీసు డబ్బాలో వేశాక కూడా కదల్లేదు. పోస్టుమ్యాన్ వచ్చి డబ్బా తెరిచేదాకా ఎండలో తిరుగుతూనే ఉన్నారు.

"పడిపోయింది కదండీ, ఎల్దాం," అన్నాను.

"నీకేటి తెలుసు? నా కాలేజీ ఫారం పోస్టు సేత్తానని మా నాన్న అట్టుకెళ్ళేడు. నా పెళ్ళయ్యేక ఆయన ట్రంకుపెట్టెలో దొరికింది."

ఇంటర్వ్యూకి విశాఖపట్నం కూడా వెంట వచ్చారు.

"మీ నాన్నగారికి ఇష్టమేనా?" అని లోపల ఇంటర్వ్యూ చేసేవాళ్ళు నన్నడిగారు.

నేను నోరు తెరిచేలోపే, వరండాలో అటూ ఇటూ తిరుగుతున్న ఆవిడ చెప్పుల చప్పుడు ఆగిపోయింది.